అడిగిన క్షణాన పుట్టే ఫైళ్లు

మా మేనల్లుడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరాడు. వాడికి ఒక పాత ల్యాప్‌టాప్ కొందామని ఇద్దరం ఒక దుకాణానికి వెళ్లాం. ఒళ్లంతా శుభ్రంగా ఉన్న యంత్రం ఒకటి మావాడికి నచ్చింది. బ్యాటరీ సంగతి అడిగితే, "ఈమధ్యే కొత్తది వేశామండీ, నాలుగ్గంటలు నిక్షేపంగా వస్తుంది" అన్నాడు యజమాని. తెర మూలన 100% అని కనిపిస్తూనే ఉంది.

నా దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దానితో ఆ ల్యాప్‌టాప్‌ను ఆన్ చేసి, టెర్మినల్ తెరిచి, రెండు చిన్న ఫైళ్లు చదివాను. మొదటిదాని పేరు 'ఛార్జ్_ఫుల్_డిజైన్'. అందులో ఉన్నది ఒకే అంకె: 44,00,000. రెండోదాని పేరు 'ఛార్జ్_ఫుల్'. అందులో 25,74,000. ఇవి మైక్రో యాంపియర్ అవర్లలో ఉండే లెక్కలు. అంటే తయారైన రోజున 4,400 మిల్లీ యాంపియర్ అవర్లు పట్టిన బ్యాటరీ ఇప్పుడు 2,574 మాత్రమే పడుతోంది. 58.5 శాతం. పక్కనే ఉన్న 'సైకిల్_కౌంట్' అనే ఫైల్ 611 అని చెప్పింది. ఆరు వందల పైచిలుకు సార్లు నిండి ఖాళీ అయిన బ్యాటరీ కొత్తది ఎలా అవుతుంది? తెరమీది 100% అబద్ధం కాదు. ఇప్పుడు పట్టగలిగినంతలో అది నిండుగానే ఉంది. కుంచించుకుపోయిన కుండ కూడా అంచుదాకా నిండుతుంది కదా.

అంకెలు యజమానికి చూపించాం. ఆయన వాదించలేదు, ధర తగ్గించాడు. బయటికి వచ్చాక మావాడు అడిగాడు: "మామయ్యా, ఆ ఫైళ్లు అందులో ఎవరు రాసిపెట్టారు?"

"ఎవరూ రాసిపెట్టలేదురా. నువ్వు అడిగినప్పుడే పుట్టాయి, చదవగానే పోయాయి" అన్నాను. ఆ రోజు దారిలో సగమే చెప్పగలిగిన ఆ సంగతిని ఇక్కడ పూర్తిగా చెబుతాను.

గోడకు అవతలివాడు

బ్రౌజరు, వీడియో ప్లేయరు, లెక్కల షీటు లాంటి ప్రోగ్రాములకు యంత్రంలోని ఏ భాగాన్నీ నేరుగా ముట్టుకునే హక్కు లేదు. డిస్కులో రాయాలన్నా, తెరమీద చుక్క పెట్టాలన్నా కెర్నల్‌ను అడగాల్సిందే. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ ఇది. ప్రాసెసరే రెండు రకాల స్థితుల్లో నడుస్తుంది. ఒకటి పూర్తి అధికారం ఉన్నది, రెండోది లేనిది. మొదటిది కెర్నల్‌కు, రెండోది మన ప్రోగ్రాములకు. మధ్యలో గోడ. ఆ గోడ ఉండబట్టే ఒక ఆట చెడిపోయినంత మాత్రాన కంప్యూటర్ మొత్తం కూలిపోదు.

పరికరాల బాగోగులన్నీ కెర్నల్‌లో వాటిని నడిపే డ్రైవర్లు అనే భాగాలకు తెలుసు. ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో, బ్యాటరీలో ఎంత మిగిలిందో, నెట్‌వర్క్ తీగ తగిలించి ఉందో లేదో వాటి దగ్గర ఎప్పటికప్పుడు ఉంటుంది. ఆ సమాచారం గోడకు ఇవతల ఉన్న మనకు చేరడం ఎలా?

ఒక్కో సమాచారానికి ఒక్కో ప్రత్యేకమైన పిలుపు పెట్టొచ్చు. బ్యాటరీకి ఒకటి, ఫ్యానుకు ఒకటి, కెమెరాకు ఒకటి. కానీ పరికరాలు వేల రకాలు, ఏటా కొత్తవి వస్తూనే ఉంటాయి. ప్రతిదానికీ కొత్త పిలుపు, దాన్ని వాడటానికి కొత్త పనిముట్టు అంటే అంతుండదు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వారసులు (లైనక్స్ కూడా వాటిలో ఒకటి) ఎంచుకున్న దారి ఇంతకంటే తేలిక. ప్రతి ప్రోగ్రామ్‌కూ, ప్రతి కంప్యూటర్ భాషకూ ముందే వచ్చిన పని ఒకటుంది: ఫైల్ తెరవడం, చదవడం, రాయడం, మూయడం. కాబట్టి కెర్నల్ తనకు తెలిసినదాన్ని ఫైల్ రూపంలో చూపిస్తే, చూడటానికి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ ఉండదు.

జ్ఞాపకాన్ని తవ్విచూసిన కాలం

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌కు పునాది వేశారు. పరికరాలనూ ఫైళ్లలాగే చూడాలన్న ఆలోచన అక్కడే వేళ్లూనుకుంది. '/డెవ్' అనే డైరెక్టరీలో టేపుకు ఒక పేరు, టెర్మినల్‌కు ఒక పేరు, ప్రింటరుకు ఒక పేరు. ఆ పేరున్న ఫైల్లో రాస్తే కాగితం మీద అచ్చు పడుతుంది.

అయితే పరికరంతో మాట్లాడటం వేరు, పరికరం గురించి తెలుసుకోవడం వేరు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే 'పీఎస్' అనే చిన్న పనిముట్టు అప్పట్లో పడ్డ పాట్లు చూడండి. అది కెర్నల్ మెమరీనే ఒక ఫైల్‌లా తెరిచేది. ప్రోగ్రాముల పట్టిక ఆ మెమరీలో ఏ చిరునామాలో ఉందో కెర్నల్ ఫైల్లోని గుర్తుల జాబితాను బట్టి కనిపెట్టేది. అక్కడికి దూకి, బైట్లు ఏరుకుని అర్థం చేసుకునేది. కెర్నల్‌లో ఆ పట్టిక అమరిక కాస్త మారితే చాలు, పీఎస్ తప్పులు చెప్పేది. పైగా కెర్నల్ మెమరీ మొత్తం చదివే అధికారం ఆ చిన్న పనిముట్టుకు ఇవ్వాల్సివచ్చేది. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో చెప్పడానికి బీరువా తాళాలు కూడా అప్పగించినట్టు.

1984లో టామ్ కిలియన్ ఒక పరిష్కారం చూపారు. బెల్ ల్యాబ్స్ యూనిక్స్ ఎనిమిదో కూర్పు కోసం ఆయన '/ప్రాక్' అనే డైరెక్టరీ తయారుచేశారు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్, అంటే ప్రతి ప్రాసెస్, తన సంఖ్యే పేరుగా అందులో ఒక ఫైల్‌లా కనిపిస్తుంది. తప్పులు వెతికే డీబగ్గర్ల కోసం పుట్టిన ఏర్పాటు అది. ఆ తర్వాత అదే ల్యాబ్స్‌లో ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లింది. ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కో డైరెక్టరీ, లోపల మనిషి చదవగలిగే అక్షరాల్లో దాని స్థితిగతులు. నెట్‌వర్క్ కనెక్షన్లు కూడా అందులో ఫైళ్లే.

హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లైనక్స్‌లోకి '/ప్రాక్' 1992లోనే వచ్చింది. అదే ఏడాది చివర్లో ప్రాసెస్‌లతో సంబంధంలేని సమాచారం కూడా అందులోకి చేరడం మొదలైంది. అక్కడి నుంచి అది పెరుగుతూ పోయింది.

పెనం మీద దోసె

ఈ ఫైళ్లు డిస్కులో ఎక్కడా ఉండవు. డిస్కు ఊడదీసి ఎంత వెతికినా దొరకవు. మిఠాయి దుకాణంలో లడ్డూలు పొద్దున్నే చేసి అద్దాల వెనక పేర్చిపెడతారు. మామూలు ఫైళ్లు అలాంటివి. దోసె అలా కాదు. చెప్పాకే పిండి పెనం మీద పడుతుంది. '/ప్రాక్'లోని ఫైళ్లు దోసెల కోవకు చెందుతాయి.

అందుకే వాటి పరిమాణం అడిగితే చాలావరకు సున్నా బైట్లు అని వస్తుంది. పోయని దోసెకు బరువేముంటుంది? సున్నా అని చెప్పిన ఆ ఫైల్‌నే తెరిస్తే వంద వరుసలు ఉంటాయి. దీనికి పూర్తిగా తలకిందులైనది కూడా ఒకటుంది. '/ప్రాక్/కేకోర్' అనే ఫైల్ 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో ఏకంగా 128 టెరాబైట్లని చూపిస్తుంది. అది కెర్నల్ చిరునామాల విస్తీర్ణమే తప్ప, ఆక్రమించిన జాగా కాదు. డిస్కులో అది తీసుకునే చోటు శూన్యం.

మనం ఒక ఫైల్ చదివినప్పుడు లోపల జరిగేది ఒకసారి దగ్గరగా చూద్దాం. '/ప్రాక్' లాంటిదే '/సిస్' అనే ఇంకో డైరెక్టరీ, దాని కథ తర్వాత వస్తుంది. అందులో ప్రాసెసర్ వేడిని చెప్పే ఫైల్ '/సిస్/క్లాస్/థర్మల్/థర్మల్_జోన్0/టెంప్' అనుకుందాం. ఫైల్‌ను తెరపై చూపే 'క్యాట్' అనే పనిముట్టుకు ఈ పేరు ఇచ్చాం. అది 'తెరువు' అని కెర్నల్‌ను అడుగుతుంది. గోడ దాటి ఆ మాట కెర్నల్‌లోని వర్చువల్ ఫైల్ సిస్టమ్ అనే పొరకు చేరుతుంది. ఈ పొర రైల్వే జంక్షన్ లాంటిది. దారిపేరు చూసి బండిని ఏ పట్టాల మీదికి పంపాలో నిర్ణయిస్తుంది. పేరు '/హోమ్'తో మొదలైతే డిస్కువైపు, '/సిస్'తో మొదలైతే సిస్‌ఎఫ్‌ఎస్ అనే ఊహా ఫైల్ సిస్టమ్ వైపు. 1980ల నడుమ సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీర్లు తమ యూనిక్స్‌లో ఇలాంటి పొరను కట్టారు. తర్వాత వచ్చిన యూనిక్స్ సంతతి అంతా ఆ పద్ధతినే అందిపుచ్చుకుంది.

తర్వాత 'క్యాట్' 'చదువు' అంటుంది. డిస్కు ఫైల్ అయితే కెర్నల్ డిస్కు నుంచి బైట్లు తెస్తుంది. ఇక్కడ మాత్రం ఆ ఫైల్‌కు అతికించి ఉన్న ఒక చిన్న ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ రాసింది డ్రైవర్ రచయిత. అది ఉష్ణమాపకాన్ని ఆ క్షణాన అడిగి, వచ్చిన అంకెను అక్షరాలుగా మార్చి, కెర్నల్ ఇచ్చిన కాగితం ముక్కలో రాస్తుంది. మామూలు యంత్రాల్లో ఆ ముక్క 4,096 బైట్లు. అందులోది మన ప్రోగ్రామ్‌కు నకలై వస్తుంది. తెరమీద 48000 అని పడుతుంది. అర సెకను ఆగి మళ్లీ అడిగితే 49000 రావచ్చు.

48000 అంటే 48 డిగ్రీల సెల్సియస్. వెయ్యో వంతు డిగ్రీల్లో ఎందుకు చెప్పిందంటే, కెర్నల్ దశాంశ భిన్నాల లెక్కల జోలికి సాధారణంగా పోదు. ఆ లెక్కలకు ప్రాసెసర్‌లో వేరే రిజిస్టర్లు ఉంటాయి. వాటిలో అప్పటికే మన ప్రోగ్రాముల విలువలు ఉంటాయి. వాటిని ప్రతిసారీ భద్రపరిచి మళ్లీ నింపడం ఖరీదైన పని. అందుకే అన్నీ పూర్ణాంకాలే: మిల్లీ డిగ్రీలు, మైక్రో వోల్టులు, మైక్రో యాంపియర్లు. దుకాణంలో మేం చూసిన 44 లక్షల అంకె వెనకున్న కారణమూ ఇదే.

అద్దంలో తనను తాను

'/ప్రాక్'లో కాసేపు తిరిగితే కంప్యూటర్ మీద చూపు మారిపోతుంది. 'అప్‌టైమ్' అనే ఫైల్లో రెండే అంకెలు. మొదటిది యంత్రం లేచి ఎన్ని సెకన్లయిందో చెబుతుంది. రెండోది ప్రాసెసర్‌లోని కోర్లన్నీ ఖాళీగా కూర్చున్న సెకన్ల మొత్తం. ఎనిమిది కోర్ల యంత్రంలో మొదటి అంకె 10,000, రెండోది 72,000 ఉంటే, 80,000 కోరు-సెకన్లలో 72,000 ఖాళీగానే గడిచాయని అర్థం. యంత్రం నెమ్మదిగా ఉందని మనం విసుక్కుంటున్నప్పుడు, దాని కాలంలో 90 శాతం మన కోసం ఎదురుచూడటానికే సరిపోయిందని ఈ రెండంకెలు చెబుతాయి.

'మెమ్‌ఇన్ఫో'లో మెమరీ జమాఖర్చులు ఉంటాయి. 'ఇంటరప్ట్స్' అనే ఫైల్లో ఏ పరికరం ప్రాసెసర్‌ను ఎన్నిసార్లు తట్టి పిలిచిందో లెక్క ఉంటుంది. 'సెల్ఫ్' అన్నది నాకు అన్నిటికంటే ఇష్టం. అది చూసేవారి ప్రాసెస్‌కే దారి చూపే గుర్తు. ఏ ప్రోగ్రామ్ తెరిస్తే ఆ ప్రోగ్రామ్‌కు తన వివరాలే కనిపిస్తాయి. ఒకే పేరు, చూసిన ప్రతివారికీ వేరే ముఖం. అచ్చం అద్దం.

కాలం గడిచేకొద్దీ '/ప్రాక్'కు ఒక జబ్బు పట్టుకుంది. చోటు దొరికింది కదా అని ప్రతి డ్రైవర్ రచయితా తనకు తోచిన ఆకారంలో ఫైళ్లు చేర్చుకుంటూ పోయారు. ఒకరు పట్టిక, ఇంకొకరు వాక్యాలు, మరొకరు గీతలతో వేరుచేసిన అంకెలు. వాటిని చదివే ప్రోగ్రాములు రాసేవారికి ప్రతి ఫైలూ ఒక కొత్త లిపిలా తయారైంది.

పోపుల పెట్టె

ఈ చిక్కును విడదీసినది సిస్‌ఎఫ్‌ఎస్. అసలు అది పుట్టింది నిద్ర గురించిన ఒక సమస్య నుంచి. ల్యాప్‌టాప్ మూత మూస్తే లోపలి పరికరాలన్నిటినీ ఒక వరుసలో నిద్రపుచ్చాలి. పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ కంట్రోలర్‌కు తగిలి ఉంటుంది, కంట్రోలర్ పీసీఐ బస్సుకు, అంటే పరికరాలను కలిపే ఉమ్మడి దారికి, తగిలి ఉంటుంది. ముందు కంట్రోలర్‌ను నిద్రపుచ్చితే పెన్‌డ్రైవ్‌కు వీడ్కోలు చెప్పే దారే ఉండదు. పిల్లలు పడుకున్నాకే తల్లి పడుకోవాలి, లేచేటప్పుడు తల్లి ముందు లేవాలి. అలా జరగాలంటే ఎవరికి ఎవరు తగిలి ఉన్నారో చెప్పే వంశవృక్షం కెర్నల్ దగ్గర ఉండాలి. లైనక్స్ 2.5 అభివృద్ధి కాలంలో ప్యాట్రిక్ మోచెల్ ఆ వృక్షానికి రూపమిచ్చారు. అది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న ఊహా ఫైల్ సిస్టమ్ కట్టారు. కెర్నల్‌లో చేరినప్పుడు దాని పేరు డ్రైవర్‌ఎఫ్‌ఎస్. తర్వాత సిస్‌ఎఫ్‌ఎస్ అయింది. 2003 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 2.6తో అది అందరి చేతికీ అందింది.

దాని నియమం చిన్నది: ఒక ఫైల్, ఒక విలువ. '/ప్రాక్'లోని పాత ఫైళ్లు సరుకులన్నీ కలిపి రాసిన చీటీ అయితే, సిస్‌ఎఫ్‌ఎస్ పోపుల పెట్టె. ఆవాలకు ఒక గిన్నె, జీలకర్రకు ఒక గిన్నె, మెంతులకు ఒక గిన్నె. చీకట్లో చెయ్యిపెట్టినా కావలసినదే చేతికొస్తుంది. ప్రోగ్రామ్ రాసేవారు వరుసలు విడగొట్టి, కాలమ్‌లు లెక్కపెట్టాల్సిన పనిలేదు. పేరు తెలిస్తే విలువ దొరుకుతుంది. రేపు కొత్త విలువ చేర్చాలంటే పాతవాటిని కదపకుండా ఇంకో ఫైల్ పక్కన పెడితే సరి.

పరికరం అంటే ఒక డైరెక్టరీ, దాని గుణం అంటే ఒక ఫైల్, ఇంకో పరికరంతో సంబంధం అంటే దారి చూపే లంకె. ఈ మూడింటితోనే నిర్మాణమంతా నడుస్తుంది. ఒకే మనిషి పేరు రేషన్ కార్డులో ఉంటుంది, ఓటర్ల జాబితాలో ఉంటుంది, కానీ ఉండే ఇల్లు ఒక్కటే. అలాగే పరికరం అసలు నివాసం '/సిస్/డివైసెస్'లో. '/సిస్/క్లాస్'లో అది ఏ పని చేస్తుందన్నదాన్ని బట్టి, '/సిస్/బస్'లో ఏ బస్సుకు తగిలిందన్నదాన్ని బట్టి దాని పేరు మళ్లీ కనిపిస్తుంది. అక్కడున్నది ఇంటికి దారి చూపే గుర్తు మాత్రమే.

మీరు పెన్‌డ్రైవ్ గుచ్చిన క్షణంలో జరిగేది ఈ నిర్మాణానికి మంచి ఉదాహరణ. కెర్నల్ ఆ పరికరాన్ని పలకరించి, '/సిస్/డివైసెస్'లో కొత్త డైరెక్టరీ మొలిపిస్తుంది. తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య, వేగం లాంటివి తలా ఒక ఫైల్‌గా అందులో చేరతాయి. వెంటనే బయటి ప్రపంచానికి ఒక కబురు పంపుతుంది. ఆ కబురు కోసం కాచుకుని ఉండే యూడెవ్ అనే ప్రోగ్రామ్ సిస్‌ఎఫ్‌ఎస్‌లోని వివరాలు చదివి, ఏ నియమాలు వర్తిస్తాయో చూసి, పరికరానికి గుర్తుండే పేర్లు కట్టబెడుతుంది. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో యూడెవ్‌ను తెచ్చేవరకు, ఎప్పుడైనా అవసరం పడతాయేమోనని వేలాది పేర్లను '/డెవ్'లో ముందే పేర్చి ఉంచేవారు. వాటిలో ఎక్కువ భాగానికి పరికరమే ఉండేది కాదు.

'స్పీడ్' అనే ఫైల్‌లో 480 అని ఉంటే ఆ పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ 2 వేగంతో నడుస్తోంది. 5000 ఉంటే యూఎస్‌బీ 3 వేగంతో. డబ్బా మీద 3 అని రాసి ఉన్నా ఇక్కడ 480 కనిపిస్తే తప్పు కేబుల్‌దో, పోర్టుదో, వస్తువుదో వెతకాల్సిందే. డిస్కు డైరెక్టరీలోని 'సైజ్' ఫైల్‌లో 12,01,76,640 ఉందనుకోండి. అది ఎప్పుడూ 512 బైట్ల ముక్కల లెక్క. గుణిస్తే 6,153 కోట్ల బైట్లు, అంటే 64 జీబీ పేరుతో అమ్మే పెన్‌డ్రైవ్. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకూడదు. పరికరం తన గురించి తాను చెప్పుకున్నదే కెర్నల్ మనకు చేరవేస్తుంది. నకిలీ పెన్‌డ్రైవ్ పెద్ద సైజు చెబితే కెర్నల్ కూడా అదే చెబుతుంది. కొన్ని బ్యాటరీలు తమ సైకిళ్ల లెక్క చెప్పవు, అప్పుడు ఫైల్లో 0 కనిపిస్తుంది. అంత మాత్రాన అది కొత్త బ్యాటరీ అనుకోకూడదు.

రాస్తే కదిలే లోకం

కొన్ని ఫైళ్లలో రాయవచ్చు కూడా. రాసిన అంకె ఎక్కడా నిల్వ ఉండే అక్షరం కాదు, పరికరానికి ఇచ్చిన ఆజ్ఞ. 'బ్రైట్‌నెస్' ఫైల్లో 300 అని రాస్తే తెర వెలుతురు ఆ మేరకు మారుతుంది. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీద పిల్లలు తొలి పాఠంగా ఒక ఫైల్లో 1 రాసి బల్బు వెలిగించి, 0 రాసి ఆర్పేవారు. తర్వాత 2016లో అంతకంటే పటిష్ఠమైన మార్గం వచ్చి ఆ పద్ధతి పాతబడింది. కానీ ఫైల్లో ఒక్క అంకె రాస్తే బల్లమీద దీపం వెలగడం చూసిన పిల్లవాడికి కెర్నల్ అంటే ఏమిటో ఇంక పుస్తకం చెప్పనక్కర్లేదు.

రాసే హక్కు ఉన్నచోట ప్రమాదమూ ఉంటుంది. '/సిస్' కింద మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ అమరికలు కూడా ఒకచోట ఫైళ్లలా కనిపిస్తాయి. 2016 మొదట్లో, డిస్కు మొత్తం తుడిచే ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఈ ఫైళ్లు కూడా చెరిగిపోయి, కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్లీ ఆన్ కాకుండా పోతున్నాయని బయటపడింది. ఫైల్ చెరిపాం అనుకున్నవారు నిజానికి మదర్‌బోర్డు జ్ఞాపకాన్ని చెరిపారు. అదే ఏడాది కెర్నల్ వాటిలో ఎక్కువ భాగానికి చెరపడానికి వీల్లేని రక్షణ పెట్టింది.

చదవడం వల్ల కూడా హాని జరగవచ్చని 2020 నవంబరులో ఒక పరిశోధన చూపింది. ఇంటెల్ ప్రాసెసర్లు ఎంత విద్యుత్తు ఖర్చుచేశాయో చెప్పే ఫైల్‌ను అప్పటిదాకా ఎవరైనా చదవగలిగేవారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం, మరికొన్ని సంస్థల పరిశోధకులు దాన్ని సెకనుకు ఎన్నోసార్లు చదువుతూ, ఆ స్వల్ప హెచ్చుతగ్గులను బట్టి కెర్నల్ మెమరీలో ఏది ఎక్కడుందో మామూలు ప్రోగ్రాముతోనే పసిగట్టారు. అధికారం ఎక్కువ ఉన్న దాడిలో రహస్య తాళంచెవులను కూడా రాబట్టారు. ఈ దాడికి ప్లాటిపస్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత లైనక్స్ ఆ ఫైల్‌ను నిర్వాహకుడికి మాత్రమే పరిమితం చేసింది. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో నడిచేది కూడా లైనక్స్ కెర్నలే. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఒక యాప్ '/ప్రాక్'లో చూస్తే ఇతర యాప్‌ల ప్రాసెస్‌లు కనిపించవు. మనం ఏ యాప్ ఎప్పుడు తెరిచామో పక్క యాప్ తొంగిచూడకుండా వేసిన తెర అది. ఇంటి తలుపులు తెరిచి ఉంచడం మంచిదే, కానీ పడకగదికి గడియ ఉండాలి.

మాట ఇచ్చాక

ఒక ఫైల్‌కు ఒకసారి పేరు పెట్టి లోకానికి చూపించాక, దాన్ని వెనక్కి తీసుకోవడం అంత సులభం కాదు. '/ప్రాక్'లోని 'సీపీయూఇన్ఫో' అనే ఫైల్లో 'బోగోమిప్స్' అనే వరుస ఒకటి ఉంటుంది. పేరులోనే అది నికార్సైన వేగం కాదని ఒప్పుకునే అంకె. 2013లో ఆర్మ్ ప్రాసెసర్ల విషయంలో దాన్ని అనవసరమని తీసేశారు. తీరా చూస్తే కొన్ని ప్రోగ్రాములు ఆ వరుస మీద ఆధారపడి ఉన్నాయి, అవి పనిచేయడం మానేశాయి. 2015లో ఆ వరుసను తిరిగి పెట్టారు. కెర్నల్ మారితే మారవచ్చు గానీ, దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములు విరగకూడదన్నది టోర్వాల్డ్స్ కచ్చితంగా పట్టుబట్టే నియమం. ఏ ఫైల్ స్థిరమైనది, ఏది ఇంకా పరీక్షలో ఉంది, ఏది పాతబడింది, ఏది తీసేశారు అన్నది కెర్నల్‌తో పాటే పత్రాలుగా రాసి పెడతారు.

ఇంత శ్రమా ఎందుకంటే, మన తెరల మీద అందంగా కనిపించే ఎన్నో సూచనలకు అడుగున ఈ ఫైళ్లే ఉన్నాయి. తెలుగులో పెట్టుకున్న ఫోన్ 'బ్యాటరీ తక్కువగా ఉంది' అని చెప్పినప్పుడు, ఆ వాక్యానికి మూలమైన అంకెను అందించేది కెర్నల్‌లోని బ్యాటరీ డ్రైవరే. కెర్నల్ తెలుగులో మాట్లాడదు, ఇంగ్లిష్‌లో వాక్యాలూ అల్లదు. ఉన్న అంకెను ఉన్నట్టు ఇస్తుంది. దానికి భాష తొడగడం పైనున్న ప్రోగ్రామ్ పని. అందుకే ఒకే అంకె తెలుగువారికి తెలుగులో, జపాన్ వారికి జపనీస్‌లో చేరుతుంది. లెక్క ఒకచోట, మాట ఇంకొకచోట ఉండటం చిన్న భాషలకు పెద్ద మేలు.

కంప్యూటర్ కొన్నవారికి అందులో ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు ఉందని నేను బలంగా నమ్ముతాను. '/ప్రాక్', '/సిస్' ఆ హక్కుకు ఆకారం ఇచ్చాయి. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొనకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, ఫైల్ చదవడం వచ్చిన ఎవరైనా తన యంత్రాన్ని ప్రశ్నించవచ్చు. 1984లో డీబగ్గర్ల కోసం మొదలైన ఏర్పాటు ఈనాడు పాత ల్యాప్‌టాప్ కొనే ఒక విద్యార్థికి డబ్బు మిగిల్చింది.

మీ దగ్గర లైనక్స్ యంత్రం ఉంటే ఈ రాత్రే టెర్మినల్ తెరవండి. నేను ఇక్కడ తెలుగు లిపిలో రాసిన పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి. 'క్యాట్' తర్వాత ఖాళీ వదిలి, '/ప్రాక్/అప్‌టైమ్' దారిని ఇవ్వండి. కనిపించిన రెండంకెల అర్థం ఇప్పుడు మీకు తెలుసు. ఆ తర్వాత '/సిస్/క్లాస్' డైరెక్టరీలోకి వెళ్లి, ఒక్కో గిన్నె మూత తీసి చూడండి. నిర్వాహకుడి అధికారం తీసుకోకుండా చదివినంత వరకు మీరు చెడగొట్టేదేమీ ఉండదు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. యంత్రాన్ని అడగవచ్చని, అడిగితే అది జవాబు చెబుతుందని వారికి చిన్నప్పుడే తెలియాలి.